బీట్‌లో ‘స’ ఎక్కడుంది? హిప్‌హాప్ బీట్‌కి కీ, స్కేల్ పట్టుకునే పద్ధతి

ఒక బీట్, అంటే ర్యాప్ కింద మోగే సంగీతం, చేతికొచ్చింది. దాని మీద హుక్ (మళ్లీ మళ్లీ వచ్చే పల్లవి లాంటి ముక్క) పాడాలి, లేదా కొత్త బేస్ లైన్ వెయ్యాలి, లేదా గొంతు శ్రుతిని సరిచేసే ఆటోట్యూన్ పెట్టి రికార్డ్ చెయ్యాలి. ఏది చెయ్యాలన్నా ముందు తేలాల్సింది, ఆ బీట్ ఏ కీలో ఉందన్నది, అంటే దానికి ఆధార స్వరం ఏదన్నది. సాఫ్ట్‌వేర్‌ని అడిగితే ‘సి మేజర్’ అంటుంది. ఇంకో యాప్ ‘ఎ మైనర్’ అంటుంది. కీబోర్డు తెలిసినవాళ్లు విని ‘కాదు, ఇది ఇ మీద నడుస్తోంది’ అంటారు. విచిత్రం ఏమిటంటే ఈ ముగ్గురికీ వినిపించినవి అవే ఏడు స్వరాలు. స్వరాల విషయంలో ఎవరూ తప్పు చెప్పలేదు. తేడా అంతా ఆ ఏడింటిలో దేన్ని ‘స’ అనుకున్నారన్న దగ్గరే వచ్చింది.

ఈ వ్యాసంలో నేను చెప్పదలుచుకున్నది ప్రధానంగా ఇదే. కీ కనుక్కోవడమంటే బీట్‌లో ఉన్న స్వరాల జాబితా రాసుకోవడమని చాలామంది అనుకుంటారు. జాబితాతో సగం పనే అవుతుంది, అదీ తేలికైన సగం. ఆ స్వరాల్లో ఏది ఆధార షడ్జమో తేల్చడమే అసలు పని. హిప్‌హాప్‌లో అది మిగతా సంగీతంలో కంటే కష్టం. ఎందుకు కష్టమో అర్థమైతే ఎలా పట్టుకోవాలో దానంతటదే తెలుస్తుంది.

తెల్ల మెట్లన్నీ ఒకటే, రాగాలు మాత్రం ఆరు

కీబోర్డులో ఒక స్థాయికి పన్నెండు మెట్లు. వాటిలో నల్లవి వదిలేసి తెల్లవి మాత్రమే తీసుకోండి: సి, డి, ఇ, ఎఫ్, జి, ఎ, బి. సి ని ‘స’ అనుకుని వాయిస్తే మేజర్ స్కేల్ వస్తుంది, మనకది శంకరాభరణం. డి ని స అనుకుంటే డోరియన్, అంటే ఖరహరప్రియ. ఇ ని స చేస్తే ఫ్రిజియన్, అదే తోడి. ఎఫ్ నుంచి కల్యాణి, జి నుంచి హరికాంభోజి, ఎ నుంచి నటభైరవి. ఈ నటభైరవి మెట్లనే పాశ్చాత్య సంగీతంలో నేచురల్ మైనర్ అంటారు. బి దగ్గర మొదలుపెడితే పంచమం దొరకదు కాబట్టి అది మేళకర్త (ఏడు స్వరాల మూల రాగం) కాదు.

కర్ణాటక సంగీతం కొంచెం తెలిసినవాళ్లు దీన్ని వెంటనే గ్రహభేదం (స ని ఇంకో స్వరానికి మార్చి అవే మెట్లతో వేరే రాగం తీయడం) అని గుర్తుపడతారు. తోడిని తోడి చేసేది గమకాలు, ప్రయోగాలు. ఇక్కడ మనం మాట్లాడుతున్నది మెట్ల లెక్క గురించి మాత్రమే, రాగస్వరూపం గురించి కాదు. ఆ లెక్క వరకు మాత్రం పోలిక అచ్చంగా సరిపోతుంది. అందుకే ‘ఈ బీట్‌లో ఏ స్వరాలున్నాయి’ అన్న ప్రశ్నకి జవాబు దొరికాక కూడా కీ ఏమిటో తెలియకపోవచ్చు. సాఫ్ట్‌వేర్ సి మేజర్ అన్నా, ఎ మైనర్ అన్నా, చెవికి ఇ ఫ్రిజియన్ అనిపించినా, జాబితా ఒకటే.

లూప్‌తో వచ్చే చిక్కు

మామూలు పాటకి ముగింపు ఉంటుంది. పల్లవి చివర ఏదో ఒక స్వరం మీదకి వచ్చి ఆగుతుంది, ఆ ఆగిన చోటే స అని చెవి ఒప్పుకుంటుంది. పాశ్చాత్య సంగీతంలో కార్డులు (కలిపి మోగించే స్వరాల గుంపులు) ఒక వరసలో నడిచి ఇంటికి చేరే పద్ధతి ఉంది. హిప్‌హాప్ పుట్టుకలోనే ఈ ఇంటికి చేరడం అన్నది లేదు. 1973 ఆగస్టు 11న న్యూయార్క్ బ్రాంక్స్‌లో జరిగిన పార్టీతో ఈ సంగీతం మొదలైందని చెప్పుకుంటారు. అక్కడ డీజే కూల్ హెర్క్ చేసింది పాటలోని బ్రేక్‌ని, అంటే డ్రమ్స్ మాత్రమే మోగే చిన్న ముక్కని, సాగదీసి నడిపించడం. పాట ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసిందన్నది అక్కడ ముఖ్యం కాదు. మధ్యలోని ముక్క ఆగకుండా తిరగడమే, అంటే లూపే, ముఖ్యం.

తర్వాత శాంపిలర్లు, అంటే రికార్డులోంచి ముక్క తీసుకుని మళ్లీ వాయించే యంత్రాలు, వచ్చాయి. ఏదో సోల్ పాటలోంచో జాజ్ రికార్డులోంచో రెండు బార్లు (తాళంలో రెండు ఆవర్తాల లాంటివి) కోసి తిప్పుతారు. ఆ రెండు బార్లు అసలు పాటలో ఒక వాక్యం మధ్యలోవి అయ్యుండొచ్చు. అసలు పాటలో స ఎక్కడుందో ఆ ముక్కలో ఒక్కసారి కూడా వినిపించకపోవచ్చు. అయినా నాలుగైదు నిమిషాలు అదే ముక్క తిరిగేసరికి చెవి తనకంటూ ఒక ఇల్లు కట్టుకుంటుంది, అదీ అసలు పాటలో లేని చోట. కాబట్టి ‘ఈ శాంపిల్ తీసిన పాట ఎ మైనర్, అందుకే బీట్ కూడా ఎ మైనర్’ అన్న వాదన నిలవదు. శాంపిల్ ఎక్కడి నుంచి వచ్చిందన్నది ఒక ఆధారం మాత్రమే. కొత్త బేస్ కింద దాని అర్థం మారిపోవచ్చు.

అందుకని లూప్‌లో స ని ముగింపుని బట్టి కాక బరువుని బట్టి వెతకాలి. ఏ స్వరం ఎక్కువసేపు నిలిచింది? బార్ మొదటి దెబ్బ మీద ఏది పడుతోంది? లూప్ మళ్లీ మొదలయ్యే ముందు దేని వైపు లాగుతోంది? మెలొడీ ఊపిరి తీసుకునేది ఎక్కడ? నా లెక్కలో వీటన్నిటికంటే ముందు అడగాల్సిన సాక్షి బేస్.

బేస్ ఏం చెబుతోంది

ఎందుకు బేస్ అంటే, పైన ఏ కార్డు మోగినా దాని అర్థం కింద ఉన్న స్వరాన్ని బట్టి మారుతుంది. పియానో మీద సి, ఇ కలిపి పట్టుకోండి. కింద సి మోగితే మేజర్‌లా ఉంటుంది. కింద ఎ మోగితే అవే రెండు స్వరాలు మైనర్‌లో భాగమైపోతాయి. పైగా హిప్‌హాప్‌లో బేస్‌ది పక్కవాయిద్యం స్థానం కాదు, చాలా బీట్లలో అదే ప్రధాన వాయిద్యం.

ఆ బేస్ ఇప్పుడు చాలావరకు 808. రోలండ్ కంపెనీ 1980లో తెచ్చిన టీఆర్-808 డ్రమ్ మెషీన్‌లోని కిక్ శబ్దం దాని మూలం. ఆ కిక్‌ని, శబ్దం ఎంతసేపట్లో తగ్గాలో చెప్పే డికే నాబ్ తిప్పి పొడుగ్గా సాగదీస్తే డ్రమ్ దెబ్బ కాస్తా స్వరం ఉన్న బేస్‌గా మారుతుంది. ప్రొడ్యూసర్లు దాన్ని కీబోర్డు మీద పరిచి వేర్వేరు స్వరాల్లో వాయించడం మొదలుపెట్టాక ట్రాప్, డ్రిల్ లాంటి శైలులకి అదే వెన్నెముక అయింది. అయితే కీ వెతికేవాళ్లని 808 చాలా రకాలుగా తప్పుదారి పట్టిస్తుంది. ఇక్కడ కాస్త ఆగి చూడటం మంచిది, ఎందుకంటే కీ తప్పు చెప్పిన సందర్భాల్లో పెద్ద వాటా దీనిదే.

మొదటిది, అది చాలా లోతులో ఉంటుంది. 808 తిరిగే ప్రాంతం సుమారు 40 నుంచి 60 హెర్ట్జ్. ఎఫ్ అంటే దాదాపు 43.7, జి అంటే 49, ఎ అంటే 55 హెర్ట్జ్. ఆ లోతులో పక్కపక్క మెట్ల మధ్య తేడా రెండున్నర, మూడు హెర్ట్జ్ మాత్రమే. మన చెవి అక్కడ స్వరాన్ని అంత కచ్చితంగా పట్టలేదు. ఫోన్ స్పీకర్‌లో అయితే ఆ ప్రాంతం అసలు రాదు. మీరు విన్నాననుకున్నది దాని హార్మోనిక్స్‌ని, అంటే అసలు స్వరంతో పాటే మోగే పై స్వరాలని. డిస్టార్షన్ ఎక్కువ వేసిన 808లో మూడో హార్మోనిక్ గట్టిగా ఉంటుంది, అది ఒక స్థాయి పైన ఉన్న పంచమం. అంటే బేస్ ఎఫ్ వాయిస్తుంటే సి గట్టిగా వినిపిస్తుంది, కీ సి అనుకుని మోసపోతారు.

దీనికి విరుగుడు తేలిక. బీట్ ఫైల్‌ని సాఫ్ట్‌వేర్‌లో తెరిచి, లో-పాస్ ఫిల్టర్‌తో పైవన్నీ కోసేసి, మిగిలిన బేస్‌ని ఒకటి రెండు స్థాయిలు పైకి జరపండి. సరిగ్గా పన్నెండు లేదా ఇరవై నాలుగు మెట్లు జరిపితే స్వరం పేరు మారదు, కానీ వినపడే చోటికి వస్తుంది. చాలామంది ఈ ఒక్క పని చెయ్యకుండా గంటలు గంటలు ఊహిస్తూ కూర్చుంటారు.

రెండోది, 808 దెబ్బ మొదట్లో పిచ్ పై నుంచి కిందకి జారుతుంది. ‘ధుమ్’ అన్న ఆ దెబ్బకి బలం వచ్చేదే ఆ జారుడు వల్ల. స్వరం తేల్చడానికి దాని మొదలు పనికిరాదు, తోక వినాలి. డ్రిల్‌లో ఇంకో అడుగు ముందుకెళ్లి ఒక స్వరం నుంచి ఇంకోదానికి కావాలని జారుస్తారు. అక్కడ కూడా జారి నిలిచిన చోటే లెక్క. మధ్యలో దాటిపోయిన మెట్లు స్కేల్‌లో భాగం కావు.

మూడోది బీట్ ప్రాజెక్ట్ ఫైలే చేతిలో ఉన్నవాళ్లకి తగిలే ఉచ్చు. పియానో రోల్‌లో (స్వరాలు గీసుకునే స్క్రీన్‌లో) బేస్ సి దగ్గర గీసి ఉంది కాబట్టి బేస్ సి అనుకుంటారు. కానీ ఆ 808 శాంపిల్ అసలు పిచ్ ఎఫ్ అయ్యి, దాన్ని సాఫ్ట్‌వేర్‌కి చెప్పకపోతే, సి మెట్టు నొక్కితే ఎఫ్ మోగుతుంది. స్క్రీన్ మీద కనిపించేది మెట్టు పేరే, మోగే స్వరం కాదు. ఇలాంటి బీట్‌లో పియానో ఒక కీలో, బేస్ ఇంకో కీలో ఉన్నట్టు కాగితం మీద కనిపిస్తుంది, చెవికి మాత్రం అంతా బాగానే ఉంటుంది. చెవినే నమ్మండి. ట్యూనర్ పెట్టి శాంపిల్ అసలు పిచ్ చూస్తే లెక్క కుదిరిపోతుంది.

సరే, బేస్ స్వరాలు దొరికాయి. అందులో మొదటిదే స అనుకోవచ్చా? తొందరపడొద్దు. బేస్ వరస నాలుగు బార్లలో ఎఫ్, జి, ఎ, ఎ అని ఉందనుకోండి. మొదలైంది ఎఫ్ దగ్గరే అయినా, రెండు బార్లు నిలబడి ఊపిరి తీసుకున్నది ఎ దగ్గర. మైనర్ బీట్లలో ఇలా ఆరో స్థానం నుంచి మొదలై మెట్లెక్కుతూ ఇంటికి చేరే నడక తరచూ కనిపిస్తుంది. ఇక్కడ స ఎ. అదే వరస ఎఫ్, ఎఫ్, జి, ఎఫ్ అని ఉంటే కథ మారిపోతుంది.

శ్రుతిపెట్టె పరీక్ష

బేస్ విన్నాక అనుమానం మిగిలితే, నాకు తెలిసినంతలో అన్నిటికంటే నమ్మదగిన పద్ధతి ఆధారశ్రుతి పెట్టి చూడటం. లూప్ నడుస్తుండగా కీబోర్డు మీద ఒక్క స్వరం, ఆర్గాన్ లాంటి నిలిచే శబ్దంతో, వదలకుండా పట్టుకోండి. లూప్ మొత్తం ఒక చుట్టు తిరిగేవరకు పట్టుకోవాలి. తర్వాత పక్క మెట్టు. ఇలా పన్నెండూ. చాలా మెట్లు ఎక్కడో ఒకచోట గుచ్చుకుంటాయి. రెండో మూడో మాత్రం మొత్తం చుట్టులో ఎక్కడా ఇబ్బంది పెట్టవు.

ఆ మిగిలినవి ఎక్కువగా స, ప అయి ఉంటాయి, కొన్నిసార్లు గ కూడా. ఇప్పుడు స ఏదో ప ఏదో తేల్చాలి. ఒక్కో అభ్యర్థి మీద దాని పంచమాన్ని, అంటే ఏడు మెట్ల పైన ఉన్నదాన్ని, కలిపి పట్టుకోండి. ఎ, ఇ మిగిలాయనుకుంటే ముందు ఎ మీద ఇ, తర్వాత ఇ మీద బి. మొదటి జంట బీట్‌ని హాయిగా కూర్చోబెట్టి, రెండోది కొన్ని చోట్ల కరుకుగా ఉంటే, స ఎ. కీబోర్డు లేకపోతే గొంతు చాలు. కూనిరాగం తీస్తూ వినండి, లూప్ సగంలో ఉండగా బీట్ ఆపేయండి, మీ గొంతు ఎక్కడికి వెళ్లి ఆగాలనుకుంటోందో చూడండి. రెండు మూడు వేర్వేరు చోట్ల ఆపి చూసినా గొంతు ఒకే స్వరానికి చేరితే ఇక అనుమానం అక్కర్లేదు.

సంగీతం నేర్చుకోనివాళ్లకి ఇది సాధ్యం కాదని అనుకోవద్దు. ఆగే చోటు చెవికి తెలుసు. దాని పేరు తెలియదు, అంతే. పేరు ట్యూనర్ యాప్ చెబుతుంది.

స దొరికాక స్కేల్

ఇక్కడి నుంచి పని వేగంగా సాగుతుంది. స పట్టుకుని మిగతా స్థానాలు ఒక్కొక్కటే పరీక్షించడమే. ముందు గాంధారం. స నుంచి మూడు మెట్ల పైన ఉన్నది కుదిరితే మైనర్, నాలుగు మెట్ల పైన ఉన్నది కుదిరితే మేజర్. మన లెక్కలో సాధారణ గాంధారమా, అంతర గాంధారమా అన్న ప్రశ్న. హిప్‌హాప్‌లో మైనర్ వైపు మొగ్గు బాగా ఎక్కువ, ముఖ్యంగా ట్రాప్, డ్రిల్ బీట్లలో. అయినా ఊహించకుండా వినాలి. పాత సోల్ శాంపిళ్లతో చేసిన బీట్లలో మేజర్ తరచూ తగులుతుంది.

తర్వాత రిషభం. బీట్ రంగు చాలావరకు తేలేది ఇక్కడే. స నుంచి రెండు మెట్ల పైన ఉంటే మామూలు మైనర్. ఒక్క మెట్టే ఉంటే ఫ్రిజియన్, అంటే శుద్ధ రిషభం. చీకటిగా, బెదిరింపుగా అనిపించే బీట్లలో బేస్ స నుంచి ఒక్క మెట్టు పైకెళ్లి వెంటనే దిగడం విన్నారంటే అది ఇదే. అక్కడ గాంధారం కూడా నాలుగు మెట్ల పైన ఉంటే, అంటే శుద్ధ రిషభంతో అంతర గాంధారం కలిస్తే, వకుళాభరణం మెట్లు వస్తాయి. దీన్నే ఫ్రిజియన్ డామినెంట్ అంటారు.

ధైవతం ఎనిమిది మెట్ల దగ్గరుంటే నేచురల్ మైనర్, తొమ్మిది దగ్గరుంటే డోరియన్. డోరియన్ బీట్‌లో మైనర్ బరువు ఉంటూనే కొంచెం వెలుతురు కనిపిస్తుంది, జాజ్, ఫంక్ శాంపిళ్లలో అది ఎక్కువ. ఇక నిషాదం. పది మెట్ల దగ్గరా, పదకొండు దగ్గరా? మైనర్‌లో పదకొండో మెట్టు వినిపిస్తే హార్మోనిక్ మైనర్ వైపు చూడాలి, అది కీరవాణి. ఉదాహరణకి స డి అయితే, బి ఫ్లాట్ (బి కి ఒక మెట్టు కింద) నుంచి సి షార్ప్‌కి (సి కి ఒక మెట్టు పైన) మూడు మెట్ల దూకుడు వినిపిస్తుంది. ఒకసారి చెవిలో పడితే మళ్లీ మర్చిపోలేని దూరం అది. ఒకే బీట్‌లో సి, సి షార్ప్ రెండూ ఉండొచ్చు. మెలొడీ కిందకి దిగేటప్పుడు సి, కార్డులో సి షార్ప్. అది తప్పు కాదు, మైనర్‌లో నిషాదం ఎప్పటినుంచో అలా మారుతూనే ఉంది.

చాలా వివరణల్లో వదిలేసే సంగతి ఒకటుంది. ఎన్నో బీట్లలో ఏడు స్వరాలు ఉండనే ఉండవు. స, మూడో మెట్టు గ, మ, ప, పదో మెట్టు ని, ఇంతే. ఇది మైనర్ పెంటటోనిక్, మనకి శుద్ధ ధన్యాసి. ఇందులో రిషభమూ లేదు, ధైవతమూ లేదు. అలాంటి బీట్‌ని నేచురల్ మైనర్ అని రాసేస్తే మనం వినని రెండు స్వరాలని చేర్చినట్టే. అది నటభైరవికీ సరిపోతుంది, ఖరహరప్రియకీ సరిపోతుంది, తోడికీ సరిపోతుంది. ఖాళీగా ఉన్న ఆ రెండు స్థానాలని నింపే హక్కు పాడేవాళ్లది. హుక్‌లో ఏ రిషభం పాడితే బీట్ ఆ రంగులోకి మారుతుంది. లోపం వెతికినట్టు వెతికి ఆ ఖాళీని పూడ్చకండి, అది దొరికిన అవకాశం.

బ్లూస్ నుంచి, సోల్ నుంచి వచ్చిన గొంతు శాంపిళ్లలో గాంధారం మూడో మెట్టుకీ నాలుగో మెట్టుకీ మధ్యలో పడటం మామూలే. దాన్ని ఏ మెట్టుకీ లాగొద్దు. గమకం తెలిసిన చెవికి ఇది కొత్త సంగతి కూడా కాదు.

రెండు మెట్ల మధ్య ఉన్న బీట్లు

కొన్ని బీట్లకి కీబోర్డులో ఏ మెట్టు నొక్కినా సరిగ్గా కలవదు. ఎఫ్ తక్కువవుతుంది, ఎఫ్ షార్ప్ ఎక్కువవుతుంది. చెవిని అనుమానించక్కర్లేదు, బీటే అలా ఉంది. కారణం ఎక్కువగా వేగం. రికార్డుని గానీ, శాంపిల్‌ని గానీ నెమ్మదిగా తిప్పితే పిచ్ కూడా దిగుతుంది. ఒక మెట్టుని వంద సెంట్లుగా లెక్కేస్తారు. వేగం 3 శాతం తగ్గిస్తే పిచ్ దాదాపు 53 సెంట్లు దిగుతుంది, అంటే దాదాపు రెండు మెట్ల నడుమకి. 90 బీపీఎం (నిమిషానికి 90 దెబ్బల) శాంపిల్‌ని ఈ పద్ధతిలో 84కి దించితే దాదాపు 119 సెంట్లు, అంటే ఒక మెట్టు దాటి ఇంకో మెట్టులో అయిదో వంతు.

1987లో వచ్చిన ఎస్పీ-1200 శాంపిలర్‌లో దాచుకోగలిగింది సుమారు పది సెకన్ల శబ్దమే. చోటు కలిసొస్తుందని ప్రొడ్యూసర్లు 33 ఆర్‌పీఎం (నిమిషానికి 33 చుట్ల) రికార్డుని 45లో తిప్పి లోపలికి తీసుకుని, తర్వాత మెషీన్‌లో కిందకి దించేవాళ్లు. 33 నుంచి 45కి మారితే పిచ్ ఐదు మెట్ల కంటే కొంచెం ఎక్కువే పెరుగుతుంది. తిరిగి దించినప్పుడు సరిగ్గా మొదటి చోటికే రావాలని లేదు. ఆ కాలపు బీట్ల ముతక అందంలో దీనికీ వాటా ఉంది. హ్యూస్టన్‌లో డీజే స్క్రూ మొదలుపెట్టిన శైలిలో మొత్తం పాటనే నెమ్మదిగా తిప్పుతారు, అక్కడా ఇదే సంగతి. ఇప్పటి సాఫ్ట్‌వేర్లు పిచ్ మార్చకుండా వేగం మార్చగలవు కాబట్టి కొత్త బీట్లలో ఈ సమస్య తక్కువ. శాంపిల్ బీట్లలో మాత్రం ముందు ట్యూనర్‌తో ఎన్ని సెంట్లు తేడా ఉందో చూసి, మీ కీబోర్డుని అంత జరుపుకున్నాకే మిగతా పరీక్షలు మొదలుపెట్టండి. లేకపోతే పన్నెండు మెట్లలో ఒక్కటీ కలవక తల పట్టుకోవాల్సొస్తుంది.

సాఫ్ట్‌వేర్ ఎందుకు తడబడుతుంది

కీ చెప్పే ప్రోగ్రాములు చాలావరకు చేసేది ఇది. బీట్ మొత్తం విని, అన్ని స్థాయిల్లోని శక్తినీ ఒకే స్థాయిలోకి మడిచి, పన్నెండు స్వరాల్లో ఏది ఎంత మోగిందో లెక్క తీస్తాయి. ఆ పన్నెండు అంకెల ఆకారాన్ని పన్నెండు మేజర్, పన్నెండు మైనర్ నమూనాలతో పోల్చి, దేనికి దగ్గరగా ఉంటే అది చెబుతాయి. ఈ నమూనాల్లో బాగా పేరున్నవి కేరల్ క్రమ్‌హాన్స్‌ల్, ఎడ్వర్డ్ కెస్లర్ 1982లో ప్రచురించినవి. ఒక కీని వినిపించి, వెనకే ఒక్క స్వరం మోగించి, అది ఎంత బాగా కుదిరిందని శ్రోతలనే అడిగి వచ్చిన అంకెలవి. తర్వాత వేర్వేరు సంగీతాలకి తగ్గట్టు వేరే నమూనాలూ తయారయ్యాయి.

ఈ పద్ధతిలో రెండు పరిమితులు వెంటనే కనిపిస్తాయి. ఇరవై నాలుగు జవాబులే ఉన్నప్పుడు ఫ్రిజియన్ అన్న జవాబు రానే రాదు. ఇ ఫ్రిజియన్ బీట్‌ని చాలాసార్లు సి మేజర్ లేదా ఎ మైనర్ అంటాయి. రెండోది, స్థాయిలన్నీ మడిచేశాక బేస్‌కి ఉన్న ప్రత్యేక స్థానం పోతుంది. కింద మోగిన ఇ, పైన మోగిన ఇ ఒకటే అయిపోతాయి. మనం ప్రధాన సాక్షి అనుకున్నదాన్ని యంత్రం గుంపులో కలిపేసింది.

ఈ పొరపాట్లు ఎంత మామూలువంటే, సంగీత విశ్లేషణ ప్రోగ్రాముల్ని పోల్చి చూసే మైరెక్స్ అనే వేదికలో వీటికీ మార్కులున్నాయి. సరైన కీకి ఒకటి, పంచమం దూరంలో చెబితే సగం, మేజర్‌కి బదులు అవే స్వరాలున్న దాని జంట మైనర్ చెబితే 0.3, స సరిగ్గా పట్టి మేజర్, మైనర్ తారుమారు చేస్తే 0.2. దీన్ని మనమూ వాడుకోవచ్చు. యాప్ ఒక జవాబు ఇవ్వగానే దాన్నే నిజమనుకోకుండా, దాని జంట, దాని పంచమం, దాని మేజర్-మైనర్ మార్పు, ఈ మూడింటినీ కూడా చెవితో సరిచూడండి. నిజమైన జవాబు చాలాసార్లు ఈ నలుగురిలోనే ఉంటుంది. డీజేలు వాడే కేమ్‌లాట్ చక్రంలో 8ఎ అంటే ఎ మైనర్, 8బి అంటే సి మేజర్. ఒకే అంకె ఉన్నవి జంటలు, పక్క అంకెలు పంచమం దూరంలో ఉన్నవి. రెండు పాటలు కలపడానికి ఆ సమాచారం చాలు, బేస్ రాయడానికి చాలదు.

తప్పు చెబితే ఎక్కడ నష్టం

అది మీరు చేసే పనిని బట్టి ఉంటుంది. ఆటోట్యూన్ 1997లో ఆంటారెస్ కంపెనీ నుంచి వచ్చింది. దానికి కావాల్సింది ఏ స్వరాలు అనుమతించాలన్న జాబితా. బీట్ ఇ ఫ్రిజియన్ అయినా మీరు సి మేజర్ పెట్టినా గొంతుకి ఏ నష్టం లేదు, జాబితా ఒకటే కాబట్టి. కానీ స ఇ అని సరిగ్గా పట్టుకుని, స్కేల్ మాత్రం ఇ మైనర్ అని పెట్టారనుకోండి. ఇ మైనర్‌లో ఎఫ్ లేదు, ఎఫ్ షార్ప్ ఉంది. మీరు ఎఫ్ పాడిన ప్రతిసారీ అది ఇ వైపో ఎఫ్ షార్ప్ వైపో లాగేస్తుంది. కింద బేస్ ఎఫ్ వాయిస్తుండగా పైన గొంతు ఎఫ్ షార్ప్‌కి పోతే, శ్రోతకి కారణం తెలియకపోయినా చెవి ముడుచుకుంటుంది. పాడినవాళ్లు తమ గొంతునే తప్పు పట్టుకుంటారు, అదే నాకు బాధగా అనిపిస్తుంది. కీరవాణి లాంటి బీట్లలో రెడీమేడ్ స్కేల్ ఎంచుకోవడం కంటే, క్రోమాటిక్ (పన్నెండు స్వరాలూ) పెట్టి అక్కర్లేని స్వరాలని ఒక్కొక్కటే ఆపెయ్యడం మంచిది. రెండు నిషాదాలూ కావాలంటే రెండూ ఉంచుకోవచ్చు.

బేస్ లైన్ రాసేవాళ్లకి లెక్క తిరగబడుతుంది. అక్కడ జాబితా సరిగ్గా ఉండి స తప్పితే బీట్ మొత్తం ఇంకో చోటికి జారిపోతుంది. ఇ చుట్టూ తిరిగే లూప్ కింద సి వేస్తే చీకటి బీట్ కాస్తా తీపెక్కుతుంది. కావాలని చేస్తే అది రీమిక్స్‌లో మంచి ఎత్తుగడ. తెలియక చేస్తే బీట్ చేసినవాళ్ల ఉద్దేశం పోయినట్టే. మాటలతోనే నడిచే ర్యాప్‌కైతే కీ తెలియకపోయినా పనయిపోతుంది. అయినా గొంతు ఏ స్వరం దగ్గర్లో తిరుగుతోందో గమనించే ర్యాపర్ల పంక్తులు బీట్‌కి బాగా అంటుకుంటాయి.

జవాబు ఒకటే ఉండని బీట్లూ ఉన్నాయి. ఇ మైనర్, ఎఫ్ మేజర్ కార్డులు రెండే మారుతూ తిరిగే లూప్‌ని ఇ ఫ్రిజియన్‌గా వినొచ్చు, లేదా ఎప్పటికీ ఎ దగ్గరికి చేరని ఎ మైనర్‌గానూ వినొచ్చు. బేస్ ఇ మీద నిలిస్తే మొదటిది గెలుస్తుంది, మెలొడీ ఎ ని పట్టుకుని వేలాడితే రెండోదానికి బలం వస్తుంది. పబ్లిక్ ఎనిమీ అనే ర్యాప్ గ్రూప్‌కి బీట్లు చేసిన బాంబ్ స్క్వాడ్ లాంటి బృందాలు శాంపిళ్లని ఒకదాని మీద ఒకటి దట్టంగా పేర్చి, ఆ ఘర్షణనే సంగీతం చేశాయి. అలాంటి చోట మొత్తానికి ఒకే కీ కోసం పట్టుబట్టకుండా, మీరు పాడబోయే భాగంలో ఏ పొర ముందుంటుందో దానికి తగ్గట్టు సర్దుకోవాలి.

బీట్ పంపేవాళ్లు ఫైల్ పేరులో ‘ఎఫ్ మైనర్’ అని మాత్రమే రాసి వదిలేస్తారు. ఇంకో నాలుగు మాటలు చేర్చండి: స ఏది, రిషభ ధైవతాలు ఏవి, లేదా అసలు లేవా, నిషాదం రెండు రకాలా, మామూలు శ్రుతికి ఎన్ని సెంట్లు తేడా. ‘140 బీపీఎం, స ఎఫ్, ఫ్రిజియన్, ధైవతం లేదు, 30 సెంట్లు తక్కువ’ అని ఉంటే, అవతల మైక్ ముందు నిలబడ్డవాళ్లు మొదటి టేక్ నుంచే పాడటం మొదలుపెట్టొచ్చు.